తీవ్ర జాతీయవాదం, జాతిసంహారం: సిక్కోలు, విజయనగరం పాఠకులు తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీ విద్యార్థులు, గ్రూప్స్‌కి చదివేవాళ్లు, సాంఘిక శాస్త్రం మాస్టార్లు, గ్రంథాలయంలో పేపరు చదివాక వాదించుకునే పెద్దలు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. వరసలో చదవక్కర్లేదు. కాకపోతే మొదటి రెండు జవాబులు చూశాక మిగతావాటికి వెళ్తే తేలిగ్గా ఉంటుంది.

జాతిసంహారం, ఊచకోత, మారణహోమం, నరమేధం: అన్నీ ఒకటేనా?

కావు. పేపర్లలో ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటారు. ఊచకోత అంటే ఒకచోట ఒక్కసారిగా ఎక్కువమందిని చంపడం. మారణహోమం, నరమేధం యజ్ఞాలకు సంబంధించిన మాటలు. హత్యకు హోమమని పేరు పెడితే చంపినవాడికి లేని పవిత్రత అంటుకుంటుంది. అందుకే ఇక్కడ వాటిని వాడటం లేదు. జాతిసంహారం మాత్రం అంతర్జాతీయ చట్టం నిర్వచించిన నేరం.

తెలుగులో ఇంకో చిక్కుంది. జాతీయ జెండాలో ఉన్నదీ జాతే, జాతిసంహారంలో ఉన్నదీ జాతే. ఒంగోలు గిత్తను మేలుజాతిది అన్నా అదే మాట. దేశంలో ఉన్న జనమంతా, ఒకే రక్తం పంచుకున్నామనుకునే గుంపు, పశువుల సంతతి: మూడింటికీ ఒకే మాట సరిపెట్టుకున్నాం. దాంతో మొదటి అర్థంలో మొదలైన ఉపన్యాసం వినేవాడికి తెలియకుండానే రెండో అర్థంలోకి జారిపోతుంది. తీవ్ర జాతీయవాదం బలమంతా ఆ జారుడులోనే ఉంది. 'జాతి' అన్న మాట వినపడినప్పుడల్లా లెక్కలో ఎవరున్నారు, ఎవరిని వదిలేశారు అని అడగండి. కింద వచ్చే జవాబులన్నీ ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

చట్టం ఏమంటోంది? ఎంతమంది చనిపోతే జాతిసంహారం అవుతుంది?

జెనోసైడ్ అన్న మాటను 1944లో రాఫేల్ లెమ్కిన్ అనే పోలిష్ యూదు న్యాయవాది తయారుచేశాడు. 1948 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి దానిమీద ఒప్పందాన్ని ఆమోదించింది. 1951 జనవరి 12 నుంచి అది అమల్లో ఉంది.

ఒప్పందంలోని రెండో అధికరణం ఐదు పనుల్ని చెబుతుంది: ఒక సమూహంలోని వాళ్లను చంపడం, తీవ్రమైన శారీరక లేదా మానసిక హాని చేయడం, ఆ సమూహం నశించేలా బతుకు పరిస్థితుల్ని కావాలని కల్పించడం, పుట్టుకల్ని అడ్డుకోవడం, పిల్లల్ని బలవంతంగా వేరే సమూహానికి తరలించడం. వీటిలో ఏదైనా సరే, ఆ సమూహాన్ని పూర్తిగానో కొంతమేరకో నాశనం చేయాలన్న ఉద్దేశంతో చేసి ఉండాలి. ఆ సమూహం కూడా దేశీయత, తెగ, వర్ణజాతి (ఇంగ్లిషులో రేస్), మతం అనే నాలుగింటిలో ఒకదాని ఆధారంగా ఏర్పడినది కావాలి.

సంఖ్య ఎక్కడా లేదు. బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో 1995 జులైలో చంపింది 8 వేలమందికి పైగా మగవాళ్లను, అబ్బాయిలను. అంతర్జాతీయ కోర్టులు దాన్ని జాతిసంహారమనే తేల్చాయి. అంతకంటే ఎన్నో రెట్లు జనం పోయిన యుద్ధాలు ఆ కోవలోకి రాలేదు. విచారణలో కష్టమంతా ఉద్దేశాన్ని రుజువు చేయడం దగ్గరే వస్తుంది. రాతపూర్వక ఆదేశం అరుదుగా దొరుకుతుంది కాబట్టి ఉపన్యాసాలు, జాబితాలు, లారీల ఏర్పాట్లు, గోతులు తవ్విన తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తారు.

రాజకీయ పక్షాలు ఈ నాలుగింటిలో లేవు. కులమన్న మాట కూడా లేదు. కంబోడియాలో 1975-79 మధ్య ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టుల పాలనలో పోయిన 15 నుంచి 20 లక్షల ప్రాణాల్లో చాలావరకు అక్కడి మెజారిటీ ప్రజలైన ఖ్మేర్లవే. అయినా 2018 నవంబరులో అక్కడి ప్రత్యేక కోర్టు జాతిసంహారం కింద శిక్ష వేసింది అల్పసంఖ్యాకులైన వియత్నామీ, చామ్ ప్రజల హత్యలకే. మిగతావాటిని మానవత్వంపై నేరాలుగా చూసింది. బాధితులకు అన్యాయం జరిగిందని ఇక్కడ చాలామందికి అనిపిస్తుంది. ఆ బాధ సరైనదే.

దేశభక్తికీ తీవ్ర జాతీయవాదానికీ గీత ఎక్కడ?

జెండా ఎంత ఎత్తున ఎగరేశారు, నినాదం ఎంత గట్టిగా ఇచ్చారు అన్నదాన్నిబట్టి అది తేలదు. సభ్యత్వం దేన్నిబట్టి వస్తుందో చూడాలి. ఈ నేలమీద పుట్టి, ఈ చట్టానికి లోబడి బతికే ప్రతివాడూ మనవాడే అంటే మనసులో ప్రేమ ఎంత ఉన్నా ప్రమాదం లేదు. రక్తమో మతమో భాషో కొలబద్ద అయినప్పుడు ఇంట్లో ఉన్నవాడే పరాయివాడవుతాడు. దానికి ఇంకో రెండు తోడవుతాయి: దేశానికి కలిగిన ప్రతి అవమానానికీ ఆ పరాయివాడే కారణమన్న కథ, వాడు పోతే తప్ప దేశం బాగుపడదన్న తీర్మానం. ఈ రెండూ కలిసిన చోట భయపడాలి.

భావం నుంచి హత్యదాకా దారి ఎలా సాగుతుంది?

అన్నిచోట్లా ఒకే వరసలో సాగదు. అయితే జర్మనీ, రువాండా రెండూ పక్కన పెట్టుకుంటే పనిముట్లు కనబడతాయి.

జర్మనీలో 1933 నాటికి యూదులు జనాభాలో నూటికి ఒక్కరు కూడా లేరు. మొదటి ప్రపంచయుద్ధంలో దాదాపు లక్షమంది యూదులు జర్మన్ సైన్యంలో పనిచేశారు, సుమారు 12 వేలమంది చనిపోయారు. అయినా 'సైన్యం ఓడలేదు, ఇంటిదొంగలు వెన్నుపోటు పొడిచారు' అన్న అబద్ధం పాతుకుపోయింది. 1933 ఏప్రిల్ 1న యూదుల దుకాణాల బహిష్కరణ, ఏప్రిల్ 7న ప్రభుత్వోద్యోగాల నుంచి తొలగించే చట్టం. 1935 సెప్టెంబరులో న్యూరెంబర్గ్ చట్టాలు పౌరసత్వాన్ని రక్తానికి ముడిపెట్టాయి. తాతలు, అమ్మమ్మల్లో ఎంతమంది యూదులో లెక్కగట్టి మనిషిని నిర్ణయించారు. 1938లో పాస్‌పోర్టుమీద యూదు అని తెలిపే ఎర్రటి 'జె' ముద్ర పడింది. అదే ఏడాది నవంబరు 9 రాత్రి ప్రార్థనామందిరాలు తగలబెట్టారు. యుద్ధం వచ్చాక తుపాకులు, ఆపైన విషవాయువు. 1942 జనవరి 20న బెర్లిన్ శివార్లలోని వాన్‌సీలో జరిగిన నాజీ అధికారుల సమావేశంలో మాట్లాడింది ఎక్కువగా ఏ శాఖ ఏ పని చేయాలన్న దాని గురించే. మొత్తం 60 లక్షలమంది యూదుల్ని చంపారు. జిప్సీలని పిలిచే రోమా, సింతీ ప్రజల్నీ లక్షల్లో చంపారు.

ఆఫ్రికాలోని రువాండాలో ఎక్కువ సంఖ్యలో ఉన్న హుటూలకీ తక్కువ సంఖ్యలో ఉన్న టుట్సీలకీ భాష ఒకటే, ఎక్కువమందికి మతమూ ఒకటే. బెల్జియం వలస ప్రభుత్వం 1930లలో ఇచ్చిన గుర్తింపు కార్డులమీద తెగ పేరు అచ్చయింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ గడి అలాగే ఉండిపోయింది. 1990 అక్టోబరులో అంతర్యుద్ధం మొదలైంది. 1993 జులైలో హుటూ తీవ్రవాదుల ఆర్‌టీఎల్‌ఎం రేడియో వచ్చింది. పాటలు, కబుర్ల మధ్యలో టుట్సీలను 'ఇన్యెంజీ' అనేవారు, అంటే బొద్దింకలని. 1994 ఏప్రిల్ 6న అధ్యక్షుడి విమానం కూల్చేశారు. ఆ రాత్రి నుంచే దారులకు అడ్డంగా కాపలాలు పెట్టి కార్డులు అడిగారు. కార్డుమీద 'టుట్సీ' అని ఉంటే చావే. ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారం వంద రోజుల్లో 8 లక్షలమంది చనిపోయారు.

రెండు చోట్లా పరాయివాడెవరో రాసి పెట్టిన కాగితం హత్యకు ఏళ్లముందే తయారై ఉంది. కాగితం ఒక్కటే చంపదు. ఓటమి భయమో యుద్ధమో తోడవాలి, 'వాళ్లే మనల్ని చంపడానికి సిద్ధమవుతున్నారు' అన్న పుకారు కావాలి, చంపితే శిక్ష ఉండదన్న భరోసా పైనుంచి రావాలి. అవన్నీ కుదిరిన రోజున ఎవరి తలుపు తట్టాలో చెప్పేది మాత్రం ఆ కాగితమే. ఒట్టోమన్ సామ్రాజ్యం 1912-13 బాల్కన్ యుద్ధాల్లో ఓడిన అవమానంలో ఉండగా, 1915 ఏప్రిల్ 24న ఇస్తాంబుల్‌లో ఆర్మీనియన్ పెద్దల అరెస్టులతో మొదలైన జాతిసంహారమూ యుద్ధం చాటునే సాగింది.

చంపేది పరాయివాళ్లనేనా?

కాదు, ముందు 'మనవాళ్లలో' అడ్డం వచ్చేవాళ్లను చంపుతారు. రువాండాలో ప్రధాని అగాథ ఉవిలింగియిమానా హుటూయే. 1994 ఏప్రిల్ 7న, మొదటి రోజునే ఆవిడను చంపేశారు. మధ్యేమార్గంలో నిలబడేవాళ్లు పోయాక మిగిలినవాళ్లకు రెండే పక్షాలుంటాయి.

జాతీయవాదం ప్రాణాలు కాపాడిన సందర్భాలు లేవా?

ఉన్నాయి. ఈ ప్రశ్న అడిగినవాళ్లను వాదనకోసం అడిగారని పక్కన పెట్టకూడదు. బల్గేరియా కథ చూడండి. అది జర్మనీ పక్షాన ఉన్న దేశం. 1943 మార్చిలో యూదుల తరలింపు మొదలవబోతుంటే పార్లమెంటు ఉపసభాపతి దిమితర్ పెషెవ్ మరో 42 మంది సభ్యులతో నిరసన లేఖమీద సంతకం పెట్టించాడు. ఆయన అధికారపక్షం మనిషి, జాతీయవాది. ఇది బల్గేరియా పరువుకు మచ్చ అన్నాడు. ఆర్థడాక్స్ చర్చి పెద్దలూ నిలబడ్డారు. పాత బల్గేరియా సరిహద్దుల్లోని దాదాపు 48 వేలమంది యూదులు బతికారు.

అదే నెలలో, బల్గేరియా ఆక్రమించుకున్న మాసిడోనియా, థ్రేస్ ప్రాంతాల నుంచి 11,343 మందిని బల్గేరియా అధికారులే రైలెక్కించారు. పోలెండ్‌లోని ట్రెబ్లింకా మరణశిబిరంలో వాళ్లను చంపేశారు. ఆ ప్రాంతాల యూదులకు పౌరసత్వం ఇవ్వలేదు. ప్రభుత్వం అదే, పోలీసులు వాళ్లే, నెలా అదే. 'మా జనం' అన్న గీత లోపల ఉన్నవాడు బతికాడు, బయట ఉన్నవాడు చచ్చాడు. మాస్టార్లకు మా సలహా: పిల్లలకు ఒక్క ఉదాహరణే చెప్పే సమయం ఉంటే ఇది చెప్పండి.

డెన్మార్క్‌లో 1943 అక్టోబరులో సుమారు 7,200 మంది యూదుల్ని చేపల పడవల్లో స్వీడన్ చేర్చారు. నాజీలు యూదులకు తప్పనిసరి చేసిన పసుపు నక్షత్రాన్ని అక్కడి రాజు ధరించాడన్న కథ మాత్రం నిజం కాదు. క్విజ్ పుస్తకాల్లో కనబడితే కొట్టేయండి.

మా తాతలు రంగం నుంచి పారిపోయి వచ్చారు. 1930లో తెలుగువాళ్లమీద జరిగింది జాతిసంహారమా?

కళింగపట్నం, భీమిలి రేవుల్లో ఓడెక్కి రంగం, అంటే రంగూన్ వెళ్లని ఊరు మన తీరంలో తక్కువ. అక్కడ మనవాళ్లను కోరంగీలనేవారు, కించపరచాలంటే 'కలా' అనేవారు. 1930 మే నెలలో ఓడరేవు తెలుగు కూలీలు జీతాలకోసం సమ్మె చేశారు. ఓడల కంపెనీల తరఫు కాంట్రాక్టర్లు బర్మీయుల్ని పనిలో పెట్టారు. సమ్మె తీరి మనవాళ్లు తిరిగి పనిలోకి రాగానే బర్మీయుల్ని పొమ్మన్నారు. మే 26న గొడవ మొదలై రోజుల తరబడి సాగింది. వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది తెలుగు కూలీలే.

చట్టం కొలతలో అది జాతిసంహారం కాదు. సమూహాన్ని నాశనం చేయాలన్న పథకం గానీ, దాన్ని నడిపిన ప్రభుత్వం గానీ లేవు. అది కూలి పోటీ మీద రాజుకున్న జాతి అల్లరి. ఆ రోజుల్లో రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. బర్మా రైతుల భూములు భారతీయ వడ్డీవ్యాపారుల చేతికి పోతున్న రోజులు. వలస ప్రభుత్వానిది తప్పయితే దెబ్బ తిన్నది కూలీ.

1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక లక్షల భారతీయులు అస్సాం, అరకాన్ దారుల్లో నడిచి వచ్చారు. వేలమంది దారిలోనే పోయారు. అది యుద్ధం వల్ల వచ్చిన వలస. 1962లో నే విన్ సైనిక పాలన వచ్చింది. 1964లో దుకాణాల్ని జాతీయం చేసింది, పెద్ద నోట్లు రద్దు చేసింది. ఆ తర్వాతి ఏళ్లలో లక్షల భారతీయులు ఓడల్లో విశాఖపట్నం, మద్రాసు చేరారు. ఉత్తరాంధ్రలో 'బర్మా కాలనీ', 'బర్మా కాందిశీకులు' అన్న మాటలు అప్పటివే. దాన్ని బలవంతపు వెళ్లగొట్టడం అనాలి. మూడింటికీ మూడు పేర్లున్నాయి. మన బాధ పెద్దదని చెప్పడానికి పేరు మార్చక్కర్లేదు.

ఆ బర్మాయే రోహింగ్యాల మయన్మార్ కదా, సంబంధం ఉందా?

ఉంది. 1982 పౌరసత్వ చట్టం 1823కు ముందు నుంచి ఆ దేశంలో ఉన్న తెగల్నే పుట్టుకతో పౌరులుగా ఒప్పుకుంటుంది. 1824లో బ్రిటిష్‌వాళ్లతో మొదటి యుద్ధం వచ్చింది కాబట్టి ఆ గీత. ప్రభుత్వం గుర్తించిన 135 తెగల్లో అరకాన్ ప్రాంతపు ముస్లింలైన రోహింగ్యాలు లేరు. ఆ గీత ప్రకారం కళింగపట్నం నుంచి వెళ్లి అక్కడే ఉండిపోయిన కుటుంబం కూడా పుట్టుక లెక్కలో బయటిదే. కోరంగీ కూలీని తిట్టిన 'కలా' అన్న మాటతోనే తర్వాత రోహింగ్యాల్నీ తిట్టారు. 2017 ఆగస్టు 25 తర్వాత సైన్యం చేసిన దాడులతో 7 లక్షలకు పైగా జనం బంగ్లాదేశ్ పారిపోయారు. సైన్యాధికారుల్ని జాతిసంహారం నేరంపై విచారించాలని 2018లో ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం చెప్పింది. గాంబియా వేసిన కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం 2020 జనవరి 23న రక్షణ ఆదేశాలిచ్చింది.

కళింగ యుద్ధం జాతిసంహారం కాదా?

ముఖలింగం, శాలిహుండం ఉన్న జిల్లాలో ఈ ప్రశ్న రాకుండా ఉండదు. అశోకుడి 13వ శిలాశాసనమే లక్షమందిని చంపామని, లక్షా యాభైవేలమందిని తరలించామని, అంతకు ఎన్నో రెట్లు పోయారని చెబుతోంది. కళింగలోనే ఉన్న ధౌళి, జౌగడ శాసనాల్లో ఆ 13వది లేదు. ఓడిన జనానికి వాళ్ల చావుల లెక్క చదివి వినిపించదలచుకోలేదు కాబోలు. ఘోరమే, కానీ అది సామ్రాజ్యం చేసిన దండయాత్ర. ఓడినవాళ్లు పాలనలో కలిసిపోతే రాజుకు చాలు. ప్రజలంతా ఒకే రక్తం కావాలన్న కోరిక ఆధునిక కాలానిది.

భాషాభిమానం కూడా ఇటే దారితీస్తుందా? తెలుగు-ఒడియా సరిహద్దు గొడవ సంగతేమిటి?

1952ని గుర్తు చేసుకోండి. ఫిబ్రవరి 21న, అప్పట్లో పాకిస్తాన్‌లో ఉన్న ఢాకాలో బెంగాలీ కోసం ఊరేగిన విద్యార్థులమీద పోలీసులు కాల్పులు జరిపారు. డిసెంబరులో మద్రాసులో ఆంధ్రరాష్ట్రం కోసం పొట్టి శ్రీరాములు నిరాహారదీక్షలో ప్రాణాలు విడిచారు. అల్లర్లు జరిగాయి, కాల్పుల్లో మనవాళ్లూ పోయారు. ఇక్కడ కొద్ది రోజుల్లోనే రాష్ట్రం ఇస్తామన్న ప్రకటన వచ్చింది, 1953 అక్టోబరు 1న రాష్ట్రం వచ్చింది. తెలుగు అడిగినవాడు దేశద్రోహి కాలేదు. పాకిస్తాన్‌లో బెంగాలీలు జనాభాలో సగానికి పైగా ఉండి కూడా 'అసలు పాకిస్తానీలు' కాలేకపోయారు. 1970 ఎన్నికల్లో గెలిచినా అధికారం దక్కలేదు. 1971 మార్చి 25 రాత్రి సైన్యం ఢాకా విశ్వవిద్యాలయంలోకి దిగింది. దాదాపు కోటిమంది మన దేశానికి వచ్చారు. మృతుల అంచనాలు 3 లక్షల నుంచి 30 లక్షల దాకా ఉన్నాయి. సంఖ్యమీద వాదం ఉన్నంతమాత్రాన నేరం జరగలేదని కాదు. పరీక్షలో రాసేటప్పుడు రెండు అంచనాలూ రాయండి.

ఒడియా సరిహద్దు గొడవను దీనితో పోల్చకూడదు. కొటియా గ్రామాల్లో రెండు రాష్ట్రాల గుర్తింపు కార్డులూ ఉన్నవాళ్లున్నారు. ఇచ్ఛాపురంలో ఒకే ఇంట్లో రెండు భాషలు నడుస్తాయి. అది పరిపాలన తగాదా.

చంపనంటే వాళ్లను చంపేసేవారు కదా, మామూలు మనుషులు ఏం చేయగలరు?

నిందితులు కోర్టుల్లో ఎక్కువగా చెప్పిన సాకు ఇదే. 1942 జులైలో పోలెండ్‌లోని యూజెఫూఫ్‌లో సుమారు 500 మంది ఉన్న జర్మన్ రిజర్వు పోలీసు దళానికి ఊళ్లోని యూదుల్ని కాల్చమని ఆదేశం వచ్చింది. చేయలేమన్నవాళ్లు పక్కకు రావచ్చని మేజరే చెప్పాడు. మొదట ఓ డజనుమంది ముందుకొచ్చారు. వాళ్లకు శిక్ష పడలేదు. మిగిలినవాళ్లు ఆ రోజు దాదాపు 1,500 మందిని చంపారు. తోటివాళ్ల ముందు పిరికివాణ్ణనిపించుకోవడం చాలామందికి తుపాకీ ఎత్తడం కంటే కష్టమనిపించింది. రువాండాలో మాత్రం నిరాకరించినవాళ్లను చంపిన సందర్భాలు నిజంగానే ఉన్నాయి. రెండూ చెప్పాలి.

మాటలకు కూడా శిక్ష పడుతుందా?

పడుతుంది. 1948 ఒప్పందం మూడో అధికరణం ప్రకారం బాహాటంగా, నేరుగా జాతిసంహారానికి రెచ్చగొట్టడమే నేరం. 2003 డిసెంబరులో రువాండా ట్రిబ్యునల్ రేడియో, పత్రికల బాధ్యులు ముగ్గురికి శిక్ష వేసింది.

మన దేశం ఒప్పందంమీద 1949లో సంతకం చేసి, 1959లో ధ్రువీకరించింది. దాన్ని దేశీయ నేరంగా మార్చే చట్టం మాత్రం చేయలేదు. 1984 సిక్కుల హత్యల కేసులో 2018 డిసెంబరు తీర్పులో ఢిల్లీ హైకోర్టు ఈ లోటునే ఎత్తిచూపింది. ప్రస్తుతం అక్కరకొచ్చేది భారతీయ న్యాయ సంహితలోని 196వ సెక్షన్: మతం, జాతి, భాష, కులం వంటి కారణాలతో సమూహాల మధ్య వైరం పెంచితే మూడేళ్ల దాకా జైలు.

ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక సమూహాన్ని చంపమనో తరిమేయమనో వీడియో వస్తే ఏం చేయాలి?

ఖండించడానికైనా సరే దాన్ని ముందుకు పంపకండి. పంపిన నంబరు, గ్రూపు పేరు, తేదీ, సమయం కనబడేలా స్క్రీన్‌షాట్ తీయండి. వీడియోను ఫోన్‌లోనే ఉంచండి. ఇక్కడే చాలా ఫిర్యాదులు నీరుగారిపోతాయి: తేదీ లేని స్క్రీన్‌షాట్, మెసేజ్ డిలీట్ చేసిన ఫోన్. ఎలక్ట్రానిక్ ఆధారానికి కోర్టులో కొత్త సాక్ష్య చట్టం (భారతీయ సాక్ష్య అధినియం) 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం కావాలి. అసలు ఫోన్ మీ దగ్గర ఉంటే ఆ పని సులువు.

ఫిర్యాదు రాతపూర్వకంగా, ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వొచ్చు. ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే భారతీయ నాగరిక సురక్షా సంహిత 173(4) కింద జిల్లా ఎస్పీకి పంపి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరకు వెళ్లొచ్చు. 196 కింద కోర్టు కేసు చేపట్టాలంటే ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. ఆలస్యం అక్కడే జరుగుతుంది, నెలకోసారి రాతలో గుర్తు చేస్తూ ఉండండి. గుంపు ఇప్పటికే పోగవుతుంటే ఇవన్నీ పక్కనబెట్టి 112కి చేయండి.

బడిలో ఈ పాఠం ఎలా చెప్పాలి?

రెండు పీరియడ్లు కేటాయించండి. మొదటి పీరియడ్‌లో శవాల ఫొటోలు చూపించకండి. పిల్లలకు బొమ్మ గుర్తుంటుంది, కారణం గుర్తుండదు. బాధితులుగా, హంతకులుగా నాటకాలు వేయించకండి. నిజంగా చిన్నచూపుకు గురయ్యే పిల్లవాడు ఆ తరగతిలోనే ఉంటాడు. ఒక కాగితమ్మీద 1933 నుంచి 1942 దాకా జర్మనీ తేదీలు, పక్కన రువాండా తేదీలు రాయించి, ఏ తేదీ దగ్గర ఎవరు ఏం చేస్తే ఆగి ఉండేదో గుమస్తా, పోస్టుమాస్టరు, టీచరు, రైలు డ్రైవరు పేరున ఒక్కొక్కరిచేత చెప్పించండి. రెండో పీరియడ్‌కి ఇంట్లో పెద్దవాళ్లను రంగం గురించి అడిగి రమ్మనండి. కాందిశీకుల కుటుంబాలున్న ఊళ్లలో మాస్టారికి తెలియని తేదీలు కూడా పిల్లలే తెస్తారు.